జోడు ఫోన్ల నేస్తరికం

వారం రోజులు కుట్టుకొట్టు మూసి ఊరెళ్ళి వచ్చినప్పటి నుంచి, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ ఒకటే అడుగుతోంది. అరకు చూశావా, బొర్రా గుహలు చూశావా అని. రెండూ చూడలేదు. నేను వెళ్ళింది చూడ్డానికి కాదు. శ్రీకాకుళం జిల్లాలో నాకో నేస్తం ఉంది. ఎనిమిది నెలలుగా ఆవిడ నా ఫోను ఎత్తడం లేదు. మోగుతుంటే కట్ చేస్తోంది. ఎందుకో మొహం మీదే అడిగి, ఉంటే ఉందాం, లేదంటే తెంచుకుందాం అని బయల్దేరాను. దారిలో తిన్నవీ, విన్నవీ, పడ్డ తిప్పలూ ఒక్కొక్కరికీ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

మా తెనాలి వైపు నేస్తం అంటే స్నేహితురాలు, అంతే. అక్కడ అలా కాదు. ఇద్దరాడపిల్లలకి మనసు కలిస్తే పెద్దవాళ్ళు పీటల మీద కూర్చోబెట్టి, ఒకే రంగు బట్టలు కట్టించి, ఒకరి నోట్లో ఒకరి చేత బెల్లంముక్క పెట్టించి నేస్తం కట్టిస్తారు. కులం అడ్డు రాదు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. నేస్తం అనే అనాలి. పేరుతో పిలిచారంటే తెగతెంపులన్నమాటే. ఇంకొకటి, కానుకేదైనా జోడుగా కొనాలి. ఆవిడకో చీర కొంటే నాకూ అదే చీర కొనుక్కోవాలి. మా నాన్న పలాస రైల్వేలో పనిచేసే రోజుల్లో, నాకు పదకొండేళ్ళప్పుడు మాకిద్దరికీ నేస్తం కట్టారు. అందుకే ఇక్కడ కూడా ఆవిడ పేరు రాయను.

కిందటి వేసవిలో ఆవిడ తెనాలి వచ్చి పది రోజులుంది. అప్పుడే సరదాపడి ఒకే రకం టచ్ ఫోన్లు రెండు కొన్నాను, ఎర్ర కవర్లతో సహా. దగ్గర కూర్చోబెట్టి నేర్పాను కూడా. వెళ్ళే రోజుకి నాకే ఫొటోలు తీసి చూపించింది. ఇంటికి వెళ్ళిన పదిహేను రోజుల వరకు ఆవిడ పనిలోకి వెళ్ళలేదు, రోజూ మాట్లాడుకున్నాం. ఆ తర్వాతే ఈ కోతలు మొదలయ్యాయి. వాళ్ళాయన నంబరు నా దగ్గరుంది. కానీ నా ఫోను కట్ చేసిన మనిషి కోసం మొగుణ్ణి బతిమాలుకుంటానా? నాకు రోషం కాస్త ఎక్కువ.

నేను చెప్పని సంగతి ఒకటుంది. నా టచ్ ఫోను నేనే మానేశాను. టైమెంతయిందో చూద్దామని తీసి, మెడ డిజైన్ల వీడియోల్లో పడ్డాను. అరగంట తర్వాత తల ఎత్తేసరికి ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో పట్టు పావడా మాడిపోయి ఉంది. ఆ రోజే నాకు బుద్ధొచ్చింది. నా బల్ల మీద కత్తెర కత్తెరే, టేపు టేపే, సూది సూదే. సూదితో గుడ్డ కత్తిరించమని ఎవరూ అనరు. మరి ఈ పలక ఒక్కటే నా గడియారం, టార్చి, రేడియో, కెమెరా ఎందుకవ్వాలి? దాన్ని బీరువాలో పడేసి అన్నీ విడివిడిగా తెచ్చుకున్నాను. ఇది నేస్తానికి చెప్పలేదు. జోడు నా వైపు నుంచి కూడా తప్పిందని నాకు తెలుసు. తెలిసీ తగువు మాత్రం ఆవిడ మీదే పెట్టుకున్నాను.

విజయనగరం: బొంబాయి చట్నీ

నోట్లరద్దు జరిగిన మరుసటేడు, మాఘమాసం. తెల్లారి రైలు దిగేసరికి మంచు ఇంకా పట్టే ఉంది. స్టేషను బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు పదిహేను రూపాయలు. మా వైపు ఇడ్లీకి పచ్చడీ కారప్పొడీ వేస్తారు. ఇక్కడ శనగపిండి ఉడికించి, ఉల్లిపాయలేసి, పసుపుపచ్చగా జారుగా పోస్తారు. దాన్ని బొంబాయి చట్నీ అంటారు. బొంబాయిలో ఎవరైనా తింటారో లేదో నాకు తెలీదు గానీ నేను మాత్రం మూడోసారి పోయించుకున్నాను. కారం తక్కువ, తీపి కాస్త ముందు. గుంటూరు నాలుకకి పెరుగన్నంలా చప్పగా అనిపించింది, కానీ పొద్దున్నే హాయిగా ఉంది.

బండి ఆవిడకి ఫొటో తీస్తానని సంచీలోంచి కెమెరా తీశాను. దాని కోసం ముందు టార్చి, ఆ తర్వాత రేడియో, బటన్ ఫోను, నంబర్ల పుస్తకం, చిన్న అలారం గడియారం అన్నీ బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. ఆవిడ అన్నీ వరసగా చూసి, ఇవి అమ్ముతావా అని అడిగింది. కాదు, నావే అన్నాను. అయితే మరీ జాలిపడి, ఒక్క టచ్ ఫోనుంటే ఇవన్నీ అందులోనే వస్తాయి గదమ్మా, నీకు తెలీదా అంది. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. కెమెరాలో బ్యాటరీలు అయిపోయి ఉండడం అప్పుడే చూశాను. ఆ ఫొటో పడలేదు.

కోట చూశాను, సంగీత కళాశాల బయట నిలబడి కాసేపు వీణ విన్నాను. ఎవరో అభ్యాసం చేస్తున్నారు, అదే గమకం దగ్గర మళ్ళీ మళ్ళీ తప్పుతున్నారు. చేతిలో ఫోను ఉంటే రికార్డు చేసుకుని రెండో నిమిషంలో వెళ్ళిపోయేదాన్ని. అది లేక, ఆ గమకం కుదిరేదాకా నిలబడ్డాను.

నెల్లిమర్ల: కూత

మర్నాడు నెల్లిమర్ల వెళ్ళింది గోనె సంచుల కోసం. జూట్‌మిల్లు ఊరు గదా, నారతో కుట్టిన చేతిసంచులు చవగ్గా దొరుకుతాయని విన్నాను. బజారులో ఒక ఇంటి అరుగు మీద వయసు మళ్ళిన దంపతులు కుడుతూ కనిపించారు. ఆయన మిల్లులో చేసి పదవీ విరమణ పొందాడు, ఆ తర్వాత ఇది పెట్టుకున్నారు. ఎనభై రూపాయలు పెట్టి ఒకటి కొన్నాను. దానికి లోపల ఆరు జేబులు కావాలని చెప్పి, సూది నేనే అందుకున్నాను. గోనె దబ్బనంతో కుట్టడం నాకు కొత్త. వేలికి పొడుచుకుంది. నా కుట్టు చూసి ఆవిడ, పట్టుబట్టలకి అలవాటైన చెయ్యి అని ఇట్టే పట్టేసింది.

కుడుతుండగా మిల్లు కూత వేసింది. ముసలాయన వెంటనే తన చేతిగడియారం చూసుకుని, నా గడియారం వైపు చెయ్యి చాపాడు. నాది నాలుగు నిమిషాలు వెనక. ఆయన నా చెయ్యి పట్టుకుని తనే ముల్లు తిప్పి సరిచేశాడు. మా నాన్న తర్వాత నా గడియారం అలా సరిచేసిన మనిషి లేడు. ఇక్కడ ఊరంతా కూతకే గడియారం దిద్దుకుంటారట. కూత వినపడనంత దూరం పిల్లనివ్వడానికి తన తండ్రి ఒప్పుకోలేదని ఆవిడ చెప్పింది. నిజమో వేళాకోళమో తెలీలేదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే తిన్నాను. వద్దంటే వినలేదు. చోడి అంబలి, ఆవ పెట్టిన అరటికాయ, ఎండుచేప ముక్క. చోళ్ళంటే మనం రాగులంటాం, అవే.

రాజాం: మూడు మేకులు

రాజాం బస్సులో నా పరువు పోయింది. కిటకిటలాడే బస్సులో, పైన పెట్టిన సంచీలో అలారం గడియారం మోగింది. పొద్దున్నే లేవడానికి పెట్టుకున్న అలారం, ముందే మెలకువ వచ్చి ఆపడం మర్చిపోయాను. అది కీ ఇచ్చే పాతకాలపుది. గణగణమని గొంతు చించుకుంది. సంచీ నాదేనని ఒప్పుకునేలోగా ఒకాయన కిటికీలోంచి బయటికి విసిరేద్దామన్నాడు. కండక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, తన చిన్నప్పుడు ఇలాంటిదే ఉండేదని పక్కవాళ్ళకి చూపించాడు. చీపురుపల్లి దాటేదాకా అది బస్సంతా చేతులు మారింది.

రాజాంలో నాకు పని ఒక్కటే, చీరలు. నేస్తం ఇంటికి ఉత్తచేతులతో వెళ్ళకూడదు. కానీ ఒకటి కొనాలా, రెండు కొనాలా? జోడు కొంటే నేస్తరికం ఇంకా ఉన్నట్టు. ఒకటే కొంటే, తెగినా తెగకపోయినా పరవాలేదన్నట్టు. బట్టల షాపులో ఒకే రకం చీరలు రెండు ముందు పరిపించుకుని, ఒకటి వెనక్కి తోసి, మళ్ళీ లాక్కుని, గంట కూర్చున్నాను. షాపాయన మెత్తని కోమటాయన. విసుక్కోకుండా టీ తెప్పించాడు.

ఆయన వెనక గోడకి మూడు మేకులు, మేకుకొక బటన్ ఫోను వేలాడుతున్నాయి. ఒకటి నేతగాళ్ళకీ ఏజెంట్లకీ, ఒకటి ఖాతాదారులకి, మూడోది ఇంటికి. ఇంటి ఫోనుకి బొట్టు పెట్టి ఉంది. కొడుకు టచ్ ఫోను కొనిచ్చాడట, అందులో మూడు సిమ్ములు పట్టవు, పట్టినా తనకొద్దట. ఎందుకని అడిగాను.

"ఏ మేకు మోగితే ఆ ముకమెట్టుకుని ఎల్తానమ్మా. ఒక్కదాంట్లోనే మోగితే, మా ఆవిడ చేసినా ఏజెంటుతో మాటాడినట్టే మాటాడీసేవాణ్ణి. ఓ పాలి అలగే అయింది, రెండ్రోజులు అన్నం సల్లారిపోయింది."

ఆయన మాట తీరుకి నా సంగతి కూడా చెప్పేశాను. నేస్తం ఎలా కట్ చేస్తోందో, నాకెంత కోపమొచ్చిందో అన్నీ. ఆయన చీర మడత పెడుతూ విన్నాడు. చివర్న నెమ్మదిగా, ఎందుకెత్తట్లేదో ఆవిడనడిగినారా, లేకపోతే ఫోన్నే అడిగినారా అన్నాడు. రెండు చీరలూ కట్టించుకున్నాను.

కాశీబుగ్గ: దేవుడి గూడు

పలాస పక్కనే కాశీబుగ్గ. రెండూ కలిసి ఒక ఊరే. బస్సు దిగగానే జీడి కాల్చిన వాసన ముక్కుకి పట్టుకుంది. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది, కళ్ళు చెమర్చాయి. అది సంతోషమో పొగో అని నన్ను నేనే ఎగతాళి చేసుకున్నాను.

నేస్తం జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. ఒక్క దెబ్బకి పెంకు పగలాలి, లోపలి పప్పు విరక్కూడదు. పెంకులో నల్లటి నూనె ఉంటుంది, అది తగిలితే చర్మం కాలి పొరలు పొరలుగా లేస్తుంది. చేతులకి ఆముదం రాసుకుని, బూడిదలో ముంచి కొడతారు. పని వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ బయటికొచ్చి నన్ను చూసి ఆగిపోయింది. పరిగెత్తుకొస్తుందనుకున్నాను. రాలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, "వచ్చినావా" అంది. అంతే.

ఇంటికి వెళ్ళాం. వాళ్ళాయన ఆటో నడుపుతాడు, నాకు బావ వరస. ఆయన మాత్రం మరదలొచ్చిందని మురీ మిక్చరు పొట్లాలు (మురీ అంటే మన మరమరాలే) పట్టుకొచ్చి హడావిడి చేశాడు. నేను చీరలిచ్చాను. ఆవిడ కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది, కట్టుకోలేదు. నాకు ఉండబట్టలేదు. అన్నం పెట్టకముందే అడిగేశాను, నా ఫోను ఎందుకు కట్ చేస్తున్నావని.

ఆవిడ దేవుడి గూడు చూపించింది. లక్ష్మీదేవి పటం పక్కన ఎర్ర కవరులో టచ్ ఫోను. కవరు మీద కుంకుమ బొట్టు. ఛార్జింగు నిండుగా ఉంది. ఇప్పుడు చెయ్యి, నువ్వే సూడు, అంది. నా ఫోనులోంచి చేశాను. గూట్లో అది మోగింది. ఆవిడ ఒళ్ళో పెట్టుకుని, పచ్చ గుండ్రం మీద బొటనవేలు పెట్టి పైకి తోసింది. కదల్లేదు. చూపుడువేలు పెట్టింది. కదల్లేదు. వేలు తడి చేసుకుంది, చీరకి తుడుచుకుంది, మళ్ళీ పెట్టింది. ఆవిడ వేళ్ళ కొసలు నల్లగా, బిరుసుగా, గీతలన్నవే లేకుండా ఉన్నాయి. ఫోను వాటిని మనిషి వేళ్ళుగా గుర్తించడం లేదు. చివరికి అరచేతి పక్కతో గట్టిగా రుద్దింది. అది జారి ఎర్ర గుండ్రం మీదికి పోయింది. నా చెవిలో మళ్ళీ ఆ కోత.

తెనాలిలో పది రోజులూ పని లేక వేళ్ళు మెత్తబడ్డాయి, అందుకే అక్కడ పలికింది. నేనది ఊహించలేదు. వేళ్ళతో బతికేదాన్ని, గుడ్డ పట్టుకుంటే పోగు చెప్పగలదాన్ని, నా నేస్తం వేళ్ళ సంగతి నాకు తట్టలేదు. రేషన్ షాపులో కూడా ఆవిడ వేలిముద్ర పడదట, బియ్యానికి బావే వెళతాడు. అది చెప్పి బావ నవ్వాడు. తను ఎత్తుతానని ఎన్నిసార్లో అన్నాడట. నా నేస్తమిచ్చింది, ఇంకోళ్ళు ముట్టకూడదని ఆవిడ పడనివ్వలేదు. ఆయన ఫోనులోంచి చేద్దామంటే, ఇచ్చిన కానుక పక్కనెట్టీసిందని నేను అనుకుంటానని సిగ్గు. మోగినప్పుడల్లా ఇలాగే కుస్తీ పట్టేది. పడుకునే ముందు రోజూ ఛార్జింగు పెట్టేది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ మొహం కూడా తేటపడింది. అంతటితో పోయేదే. కానీ అప్పుడే ఆవిడ నా చేతిలో ఫోను చూసింది.

"ఇదేటి? మన జోడుదేది?"

అబద్ధమాడలేకపోయాను. బీరువాలో ఉందని చెప్పాను. ఎన్నాళ్ళయిందంది. మూడు నెలలన్నాను. పావడా మాడిన కథ సగం చెప్పి, ఆవిడ మొహం చూసి ఆపేశాను. ఆవిడ లేచి ఫోను గూట్లో పెట్టలేదు, కిటికీలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టింది. అక్కణ్ణుంచే పిలిచింది.

"సుసీలా, అన్నం తిను."

ముప్పై ఏడేళ్ళలో నా పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు. బావ తల వంచుకున్నాడు. ఉల్లికారం పెట్టిన వంకాయ, బెల్లం పులుసు. కంచంలో సగం వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

భావనపాడు: తలా ఒకటి

మర్నాడు ఆవిడకి సెలవు. పొద్దున్నే వెళ్ళిపోతానన్నాను. బావ వినిపించుకోనట్టే ఆటో బయటికి తీసి, మరదలికి సముద్రం చూపించాలి అన్నాడు. ఇద్దరం ఆ చివర ఒకళ్ళం, ఈ చివర ఒకళ్ళం కూర్చున్నాం. మధ్యలో నా గోనెసంచి. నౌపడ ఉప్పుమడులు తెల్లగా మెరుస్తున్నాయి. మాటల్లేని ఆటో భరించలేక రేడియో పెట్టాను, ఒడియా పాటలొచ్చాయి. ఆవిడ పెదాలు కదిలాయి. ఆవిడకి ఒడియా వచ్చని అప్పుడు గుర్తొచ్చింది.

భావనపాడులో బావకి తెలిసిన జాలరాయన ఉన్నాడు. పడవ నీళ్ళలోకి దించే హడావిడిలో ఉన్నారు. దించేముందు ఆయన పడవలో వెళ్ళే నలుగురినీ నిలబెట్టి తలా ఒకటి చేతికిచ్చాడు. ఒకడికి పాలిథీన్ కవరులో కట్టిన బటన్ ఫోను, ఇంకొకడికి దారి చూపే జీపీఎస్ మర, మూడోవాడికి టార్చి, నాలుగోవాడికి అగ్గిపెట్టె, బీడీలు. అగ్గిపెట్టెకి కూడా కవరు కట్టి ఉంది. నేను ఊరుకోలేక ఆయన్ని అడిగాను, అన్నీ ఒకరి దగ్గరే పెట్టొచ్చు కదా అని.

ఆయన నా కేసి వింతగా చూసి, ఒక్కడి దగ్గర రెండు వస్తువులు ఎప్పుడూ పెట్టం అన్నాడు. ఆ ఒక్కడూ నీళ్ళలో పడితే దారీ పోతుంది, వెలుతురూ పోతుంది, ఇంటికి మాటా పోతుంది. పడవ అలల్లోకి వెళ్ళేదాకా మేం చూస్తూ నిలబడ్డాం. నేస్తం ఇసకలో కూర్చుంది. నేను కాస్త దూరంగా కూర్చున్నాను.

నేనే అన్నాను, నన్ను పేరు పెట్టి పిలిచావు, తెగిపోయిందని చెప్పదలుచుకుంటే చెప్పేసెయ్, వెళ్ళిపోతాను అని. ఆవిడ సముద్రం వైపే చూస్తూ మాట్లాడింది.

"నాకు సేతకాదని సెప్పడానికి సిగ్గేసింది. నీకు అక్కర్నేదని సెప్పడానికి నీకేటొచ్చింది?"

నాకూ సిగ్గే అన్నాను. వేలకి వేలు పోసి నీ మెడకి కట్టిన బరువు, నా మెడలోంచి నేను తీసేసుకున్నానని ఎలా చెప్పను? నీ చేతుల కేసి చూసి కొనాల్సింది, షాపువాడి అద్దాల బీరువా కేసి చూసి కొన్నాను. గొప్పకి పోయాను. ఇవన్నీ నోరారా చెప్పాను. చెప్పాక గుండె తేలికపడింది.

ఆవిడ నా వైపు తిరిగి అంది. "మనం తప్పు సేసీసినాం. చీరలు సిరిగిపోతే ఏడ్సినామా? గాజులు పగిలిపోతే పేర్లెట్టుకున్నామా? దీన్నొక్కదాన్నే దేవుణ్ణి సేసీసినాం."

తర్వాత నా సంచీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే తీసి చూసింది. టార్చి వెలిగించి ఆర్పింది. కెమెరా బాగోలేదంది. అలారం గడియారం మోగించి నవ్వింది. రాజాం బస్సు కథ చెప్పాను. నవ్వుతూనే, మామూలుగా, బావ తెచ్చిన పొట్లం చాపుతూ అంది.

"ఇందా నేస్తం, మురీ తిను. మెత్తబడిపోతే బాగోదు."

నేను తింటూ ఏడ్చాను. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఒడ్డున కవళ్ళ చేపలు కొన్నాం, కిలో అరవై. నేను యాభైకి బేరమాడబోతే, వాళ్ళ కష్టం మీద బేరమేటని కసిరింది. ఆ కసురు కూడా హాయిగా ఉంది.

కాశీబుగ్గ బజారు, తిరుగు రైలు

వెళ్ళే రోజు పొద్దున్నే ఇద్దరం రాజాం చీరలు కట్టుకున్నాం. ఆవిడ నన్ను బజారుకి లాక్కెళ్ళింది. ఈసారి కానుక తనదే అంది. ఫోన్ల షాపులో బటన్ ఫోన్లన్నీ బల్ల మీద పెట్టించి ఒక్కో అంకె నొక్కి చూసింది. నొక్కితే లోపలికి దిగాలి, దిగినట్టు వేలికి తెలవాలి, అదీ పరీక్ష. ఆరు ఫోన్లు తప్పాయి. షాపతను మొహం మాడ్చుకున్నాడు. ఏడోది నెగ్గింది. పెద్ద అంకెలు, చిలకపచ్చ రంగు, పెళ్ళి బ్యాండులాంటి మోత. జోడు కొంది, తన కూలి డబ్బులతో. నా నల్ల ఫోను నాకెంతో ఇష్టం, అయినా నోరు మూసుకుని సిమ్ము మార్పించుకున్నాను. మన చేతికి నచ్చనిది మోయడమంటే ఏమిటో నాకూ కాస్త తెలియాలి కదా.

టచ్ ఫోను ఏం చెయ్యాలని నన్నడిగింది. నేస్తమిచ్చినదాన్ని నేస్తం ఒప్పుకుంటే తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదు. టెక్కలిలో ఉన్న కూతురికి ఇమ్మన్నాను. అయితే బీరువాలోది కూడా అల్లుడికి పంపు, జోడు ఇడదీయకూడదు అంది. పంపాను.

పలాస స్టేషన్లో ఆవిడ కిలో జీడిపప్పు ఇచ్చింది. అన్నీ గుండుపప్పు, ఒక్కటీ విరగలేదు. పనుంది, మధ్యాహ్నం నుంచి వెళ్ళాలంటూ రైలు కదలకముందే వెళ్ళిపోయింది. వీడ్కోళ్ళు ఆవిడకి చేతకావు.

రైలు విజయనగరం దాటింది. ఎదురుగా ఉన్నవాళ్ళు భోజనం పొట్లాలు విప్పుతున్నారు. చిలకపచ్చ ఫోను పెట్టె దద్దరిల్లేలా మోగింది. అందరూ నా కేసి తిరిగారు. ఎత్తాను.

ఏమైంది నేస్తం, ఏమైనా మర్చిపోయానా అని కంగారుగా అడిగాను.

"ఏట్నేదు. పన్లోనే ఉన్నాను. ఏళ్ళకి ఆముదం, బూడిదా అన్నీ ఉన్నాయి. నొక్కితే పలుకుతాదో నేదో సూసినాను."

పలికింది అన్నాను. ఊఁ అంది. ఇద్దరికీ చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడ వెనకాల పిక్కలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నా వెనకాల రైలు చప్పుడు ఆవిడకి వినిపిస్తూ ఉంటుంది. ఎవరమూ పెట్టేయలేదు. నేను ఫోను చెవికి ఆనించుకుని కిటికీలోంచి తాటిచెట్లు చూస్తూ కూర్చున్నాను. ఎదుటావిడ నేను మాట్లాడకుండా ఫోను పట్టుకుని ఏడవడం చూసి, మంచినీళ్ళ సీసా అందించింది. బాగానే ఉన్నానని చేత్తోనే చెప్పాను.

విశాఖపట్నం దాటాక ఆవిడ బ్యాలెన్సు అయిపోయింది కాబోలు, లైను తెగింది. ఎనిమిది నెలల్లో ఆవిడ వైపు నుంచి తెగిన ఫోనుకి నాకు కోపం రాకపోవడం అదొక్కసారే.